మాట్లాడొద్దన్న మనిషి గురించి నాలుగు మాటలు

నన్ను మాట్లాడనివ్వలేదు కాబట్టి బాగుపడ్డానా, మాట్లాడనివ్వకపోయినా బాగుపడ్డానా? ఈ ప్రశ్న ఏళ్ళ తరబడి నా వెంట తిరుగుతోంది. వంట చేస్తుంటే పక్కన నిలబడుతుంది, పరీక్ష పేపర్లు దిద్దుతుంటే భుజం మీంచి తొంగి చూస్తుంది. అధ్యక్షులవారికి నమస్కారం పెట్టి మొదలుపెట్టాల్సిన ప్రసంగాన్ని ఇలా సొంత గోలతో మొదలుపెట్టినందుకు పెద్దలు మన్నించాలి. అలవాటైన పద్ధతిలో మొదలుపెడితే అలవాటైన పద్ధతిలోనే ముగించి, చప్పట్లు కొట్టించుకుని ఇంటికి వెళ్ళిపోతానేమోనని భయం వేసింది.

ఇప్పుడు నమస్కారాలు. ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న డ్రైవింగ్ స్కూలు ప్రిన్సిపాల్‌గారికి. ఆయన పక్కన ఏమాత్రం ఇష్టం లేకుండా కూర్చున్న మా పెద్దాయనకి. ముందు వరసలోని పెద్దలకి. వెనక వరసలో, అవసరమైతే చటుక్కున లేచిపోవడానికి వీలుగా తలుపు దగ్గర సర్దుకున్న నా తోటి సభ్యులకి (నవ్వులు). వాళ్ళని ఇన్నాళ్ళూ భరించి, ఈ సాయంత్రం వాళ్ళతో పాటు మమ్మల్నీ భరించడానికి వచ్చిన అమ్మలకి, భార్యలకి, వదినలకి, బావగార్లకి, అందరికీ పేరుపేరునా చెప్పినట్టే భావించి నా నమస్కారం అందుకోమని మనవి.

ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళలో చాలామంది ఈ గది చూడటం ఇదే మొదటిసారి. బుధవారం సాయంత్రం మీవాళ్ళు ఎక్కడికి వెళ్తున్నారో అని మీరు పడిన అనుమానాలకి సమాధానం ఇదే. పగలు ఇది డ్రైవింగ్ స్కూలు క్లాసు గది. గోడల మీద రోడ్డు గుర్తుల పటాలు, ఆ మూల కోసి లోపలి భాగాలు చూపించే ఇంజను, బోర్డు మీద ఎప్పుడూ చెరపని క్లచ్చు బొమ్మ. బుధవారం సాయంత్రం స్కూలు వదిలాక ఇక్కడ మత్తుమందులు మానేసినవాళ్ళూ, మానేస్తున్నవాళ్ళూ, వచ్చే వారం తప్పకుండా మానేస్తామనేవాళ్ళూ కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు. డాక్టరు ఉండడు. కౌన్సిలరు ఉండడు. ఒకరు తన సంగతి చెబుతారు, మిగతావాళ్ళు వింటారు. సలహాలు ఇవ్వకూడదు. సలహాలు లేకుండా అంతసేపు ఎలా కూర్చుంటారని మా అత్తగారు అడిగారు. మొదట్లో కష్టంగానే ఉంటుందని చెప్పాను. (నవ్వులు)

ప్రిన్సిపాల్‌గారు ఈ గది మాకు ఇచ్చేటప్పుడు పెద్దగా ప్రశ్నలేమీ వేయలేదు. ఆయన వృత్తే అలాంటిది. పక్క సీట్లో ఎవరు కూర్చున్నా, తన కాలు మాత్రం బ్రేకు మీద ఉంచుకుంటారు. ఒకే ఒక్కసారి చిన్న ఇబ్బంది జరిగింది. లైసెన్సు కోసం చేరదామని వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి, ఇదే క్లాసు అనుకుని మా మధ్య కూర్చున్నారు. ఆయన వంతు వచ్చింది. లేచి, చాలా మర్యాదగా, "నేను ఇంకా మొదలుపెట్టలేదండీ, వచ్చే సోమవారం నుంచి మొదలుపెడదామనుకుంటున్నాను, మా ఆవిడ కూడా ప్రోత్సహిస్తోంది" అన్నారు. సలహాలు ఇవ్వకూడదన్న నియమాన్ని మేమంతా కలిసి మరిచిపోయిన సాయంత్రం అదొక్కటే. ఒకరు ఏడ్చారు. ఒకరు ఆయన చేతులు పట్టుకుని, "మా జీవితాలు చూడండి సార్" అన్నారు. ఆయన బెదిరిపోయి వెళ్ళిపోయారు. ఇప్పటికీ బస్సులోనే తిరుగుతున్నారని విన్నాను. ప్రిన్సిపాల్‌గారూ, మీకు ఒక విద్యార్థిని పోగొట్టాం. క్షమించాలి.

(ప్రిన్సిపాల్‌గారు: "పర్వాలేదమ్మా, వాళ్ళావిడ చేరింది." నవ్వులు.)

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. ఈయన్ని మేమంతా పెద్దాయన అంటాం. బయట వీధిలో కళ్ళజోళ్ళాయన అంటారు. అంతకుముందు ఈయనకి మందుల షాపు ఉండేది. తన షాపులో సరుకుని తనే రుచి చూడటం మొదలుపెట్టి, చివరికి తన షాపుకి తనే పెద్ద గిరాకీగా మారిన వ్యాపారి. షాపు పోయింది. కొన్నేళ్ళు ఈయనా పోయినట్టే. తిరిగి లేచి నిలబడ్డాక కళ్ళజోళ్ళ షాపు పెట్టారు. కళ్ళజోళ్ళే ఎందుకని ఒకసారి అడిగాను. "మింగడానికి వీల్లేని సరుకు కోసం చూశానమ్మా. రెండు దొరికాయి. రెండోది తాళాలు. అవి కొన్ని మరీ చిన్నగా ఉన్నాయి" అన్నారు. ఆయన జోకు వేశారో లేదో ఆయన మొహం చూసి ఎవరూ ఇంతవరకు చెప్పలేకపోయారు. ఇప్పుడు చూడండి, నేను చెప్పేదాంట్లో ఆయనకి ఏం నచ్చిందో ఏం నచ్చలేదో మీకేమైనా తెలుస్తోందా? నాకూ తెలియడం లేదు.

నేను ఇక్కడికి వచ్చిన కథ ఇక్కడున్న సభ్యులందరికీ కంఠతా వచ్చు. అయినా వాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళ కోసం చెప్పక తప్పదు. సైన్ బోర్డులు రాసే మా పెయింటరు ఇప్పటికే నవ్వడం మొదలుపెట్టాడు.

(పెయింటరు: "మీరు చెప్పండి మేడమ్, నేను ముందే నవ్వేసి ఖాళీ అవుతున్నా.")

నేను కాలేజీలో గణాంకశాస్త్రం చెబుతాను. నడుముకి ఆపరేషన్ అయ్యాక ఒక డాక్టరు నొప్పికి మాత్రలు రాశారు. ఆయన రాయడం ఆపేశాక రాసే డాక్టరు ఇంకొకరు దొరికారు. ఆయనా ఆపాక మరొకరు. ఎవరి దగ్గరికి వెళ్ళినా క్రితం డాక్టరు మంచివాడు కాదని చెప్పేదాన్ని. క్లాసులో బోర్డు మీద రాస్తూ రాస్తూ గోడకి ఆనుకుని నిద్రపోయిన రోజున పిల్లలు ఆఫీసుకి కబురు చేశారు. అక్కణ్ణుంచి ఆసుపత్రి. ఆసుపత్రిలో మాత్రలు మాన్పించి పంపేటప్పుడు నర్సు, "బుధవారం బుధవారం ఫలానా చోట ఒక గ్రూపు కూర్చుంటుంది, వెళ్ళండి, లేకపోతే మళ్ళీ మనం ఇక్కడే కలుస్తాం" అంది. ఆ గొంతులో బెదిరింపు కూడా లేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

వెళ్ళేముందు ఇంట్లో కూర్చుని ఒక ప్రసంగం తయారుచేసుకున్నాను. మొదలు, విస్తరణ, ముగింపు అన్నీ ఉన్న ప్రసంగం. సారాంశం ఏమిటంటే, నాది వ్యసనం కాదు, వైద్యపరమైన సమస్య. మీ అందరి పట్ల నాకు సానుభూతి ఉంది. కానీ నా విషయం వేరు. అద్దం ముందు రెండుసార్లు చెప్పి చూసుకున్నాను. మావారు పక్క గదిలోంచి విని, "బావుంది, కానీ వాళ్ళు నిన్ను జడ్జీగా పిలిచారా ఏమిటి?" అన్నారు. ఆయన ఇవాళ వెనక వరసలో ఉన్నారు. ఆ మాట అన్లేదని తల ఊపుతున్నారు. అన్నారు.

ఆ మొదటి బుధవారం మెట్లెక్కి వచ్చి చూస్తే అన్నీ చెక్క కుర్చీలు. నా నడుం అప్పటికింకా చెక్క కుర్చీకి ఒప్పుకోదు. అదుగో, ఆ మూల ఉంది చూడండి, ఆ డమ్మీ కారు. పాత కారు సీటు ఒకటి ఇనప ఫ్రేముకి బిగించి, దాని ముందు స్టీరింగు, కింద పెడళ్ళు, పక్కన గేరు రాడ్డు పెట్టారు. కొత్తగా చేరినవాళ్ళని రోడ్డు మీదికి వదలకుండా కొన్నాళ్ళు దాంట్లో కూర్చోబెడతారు. గదిలో మెత్తటి సీటు అదొక్కటే. అందరూ దాన్ని వదిలేసి చెక్క కుర్చీల్లో కూర్చోవడం చూసి, ఎంత సంస్కారవంతులు, ఆడమనిషి వస్తోందని మంచి సీటు ఖాళీగా ఉంచారు అనుకున్నాను. వెళ్ళి కూర్చున్నాను.

తలలన్నీ ఒక్కసారిగా నా వైపు తిరిగాయి. తర్వాత చాలామంది నా వైపు చూసి తల పంకించారు. ఒక పెద్దావిడ వచ్చి నా భుజం తట్టి వెళ్ళింది. నాకు బాగా నచ్చింది. కాలేజీ స్టాఫ్ రూములో కంటే ఎక్కువ మర్యాద దక్కింది.

వంతు తిరుగుతూ నా దాకా వచ్చింది. గొంతు సవరించుకున్నాను. పెద్దాయన నా పక్కాయన వైపు చూసి, "మీరు చెప్పండి తమ్ముడూ" అన్నారు. కొత్తవాళ్ళకి మొదటి రోజు అవకాశం ఇవ్వరు కాబోలు అనుకున్నాను. రెండో బుధవారం అంతే. మూడోసారి నేనే చెయ్యెత్తాను. పెద్దాయన ఎంతో ఆప్యాయంగా, "ఇవాళ వినండమ్మా" అన్నారు. స్టీరింగు పట్టుకుని విన్నాను. బుధవారాల మీద బుధవారాలు అలాగే గడిచాయి. గోడ మీది పటంలో ఉన్న రోడ్డు గుర్తులన్నీ నాకు వచ్చేశాయి. మాట్లాడటం మాత్రం రాలేదు.

ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక పెద్దాయన నన్ను ఆపారు. "అమ్మా, ఒక మాట. మీ నిజాయితీకి మేమంతా ముచ్చటపడుతున్నాం. ఎవరూ ఇన్ని వారాలు వరసగా ఒప్పుకోలేదు. కానీ ఒక్క బుధవారమైనా వాడకుండా రావడానికి ప్రయత్నం చెయ్యకూడదూ?"

"నేను ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక్క మాత్ర కూడా వేసుకోలేదండీ" అన్నాను.

"మరి ఆ సీట్లో ఎందుకు కూర్చుంటున్నారు?"

"నడుం నొప్పి."

ఆయన నా వైపు చూశారు. తర్వాత సీటు వైపు చూశారు. "కింద ఒక దిండు పెట్టుకోండి, చెక్క కుర్చీ అయినా సర్దుకుంటుంది" అన్నారు. అంతే. క్షమించమనలేదు. మరుసటి బుధవారం చెక్క కుర్చీ మీద ఒక దిండు ఉంది. దాని గలేబు కళ్ళజోళ్ళు తుడిచే గుడ్డముక్కలన్నీ కలిపి కుట్టినది. (చాలాసేపు నవ్వులు)

ఆ సీటు సంగతి అప్పుడు తెలిసింది. ఈ గ్రూపులో ఒక నియమం ఉంది. ఆ రోజు మందు వాడి వచ్చినవాళ్ళని కూడా వెళ్ళిపొమ్మనరు. రావచ్చు, కూర్చోవచ్చు, టీ తాగవచ్చు. మాట్లాడకూడదు. ఎవరూ పరీక్ష చేయరు, వాసన చూడరు, కళ్ళలోకి టార్చి వేయరు. వాడినవాళ్ళు తమంతట తామే వెళ్ళి ఆ స్టీరింగు సీట్లో కూర్చుంటారు. అంటే నేను ప్రతి వారం నిండు సభలో, అందరి ముందు, నిటారుగా నడిచి వెళ్ళి, "ఇవాళ కూడా వాడాను" అని ప్రకటించి కూర్చున్నానన్నమాట. ఆ భుజం తట్టిన పెద్దావిడ ఇంటికి వెళ్ళి నా కోసం దేవుడికి దణ్ణం పెట్టుకునేదట.

నియమం ఎందుకు పుట్టిందంటే, మొదట్లో అది లేదు. ఒకసారి ఎవరో అప్పుడే సూది వేసుకుని వచ్చి, ఆ సుఖం ఎలా ఉంటుందో చెప్పడం మొదలుపెట్టాడట. మంచి మాటకారి. కళ్ళకి కట్టినట్టు చెప్పాడట. మీటింగు అయ్యాక ముగ్గురు ఒకే ఆటో ఎక్కారు. ఇళ్ళకి కాదు. ఆ తర్వాత వారం పెద్దాయన నియమం పెట్టారు. "వాడినవాడు మాట్లాడితే అది వాడి మాట కాదు, మందు మాట. నేను ఏళ్ళ తరబడి మందు అమ్మాను, దాని గొంతు నాకు తెలుసు. ఈ గదిలో దానికి కుర్చీ ఇస్తాను, మైకు ఇవ్వను" అన్నారు.

ఇది సబబుగానే ఉంది కదా. నాకూ అలాగే అనిపించింది. కానీ నేను వాడలేదు, అయినా మాట్లాడనివ్వలేదు. పొరపాటున శిక్ష పడింది, ఆ శిక్ష వల్ల బాగుపడ్డాను. లేదా బాగుపడ్డానని అనుకుంటున్నాను. ఎందుకంటే ఆ సీట్లో కూర్చున్న ప్రతి బుధవారం, నేను తయారుచేసుకున్న ప్రసంగంలోంచి ఒక పేరా ఎవరో ఒకరు నాకంటే ముందే చెప్పేసేవారు. "నాది అలవాటు కాదండీ, నిచ్చెన మీంచి పడ్డాక నొప్పికి మొదలైంది" అని మా పెయింటరు చెప్పాడు. పేరా పోయింది. "ఆ డాక్టరు మంచోడు కాదు, ఈ డాక్టరు మంచోడు" అని ఇంకొకరు. ఇంకో పేరా పోయింది. "మీ అందర్ని చూస్తే జాలేస్తోంది, కానీ నా సంగతి వేరు" అని ఒక కొత్తాయన మహా గంభీరంగా అన్నప్పుడు అందరూ నవ్వారు. నేను స్టీరింగు కేసి చూస్తూ కూర్చున్నాను. అది నా ముగింపు వాక్యం.

చివరికి చెక్క కుర్చీలో, దిండు మీద కూర్చుని, నా వంతు వచ్చినప్పుడు నా దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు. "నాకు మాత్ర వేసుకోవాలని ఉంది. ఇప్పుడు కూడా ఉంది" అన్నాను. అంతకంటే నిజమైన వాక్యం అంతవరకూ నా జీవితంలో నేను అనలేదు. ఎవరూ తల పంకించలేదు. పక్కాయన టీ అందించారు.

గణాంకశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి నాకు ఒక బాధ ఉంది. ఏదైనా పనిచేసిందో లేదో తెలియాలంటే, అది ఇచ్చినవాళ్ళనీ ఇవ్వనివాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూడాలి. మాట్లాడనిచ్చిన నేను ఒకతి, మాట్లాడనివ్వని నేను ఒకతి ఉండాలి. నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఒక్కదాన్ని భరించడమే చాలని మావారు అంటారు.

ఇక్కడిదాకా నవ్వుతూ వచ్చాం. ఇప్పుడు చెప్పేది కూడా మీకు తెలిసిందే, కానీ ఈ గదిలో ఎవరూ పైకి అనలేదు. పెద్దాయన ఇబ్బందిపడతారని నాకు తెలుసు. ఆయన ముఖంలో కనపడదు కాబట్టి చెప్పేస్తున్నాను.

మనకి ఒక వెల్డరు ఉండేవాడు. ఆ కిటికీకి గ్రిల్లు వేసింది అతనే. కుర్చీల కాళ్ళు ఊగితే బిగించేవాడు, వద్దన్నా ప్రిన్సిపాల్‌గారి బండికి సైలెన్సరు అతికించేవాడు. చాలా కాలం నుంచి బాగున్నాడు. ఎంత బాగున్నాడంటే, కొత్తవాళ్ళని చూపించి పెద్దాయన "అదిగో, అతన్తో మాట్లాడండి" అనేవారు. ఒక బుధవారం వచ్చాడు, ఎవరినీ పలకరించలేదు, నేరుగా వెళ్ళి స్టీరింగు సీట్లో కూర్చున్నాడు. అతనికి నడుం నొప్పి లేదు. అందరికీ అర్థమైంది.

మీటింగు సగంలో చెయ్యెత్తాడు. "అన్నా, ఒక్క మాట."

పెద్దాయన, "ఇవాళ విను తమ్ముడూ. రేపు పొద్దున్నే షాపుకి రా, ఎంతసేపైనా చెబుదువు గాని" అన్నారు.

"ఒక్క మాటేనన్నా."

"రేపు."

వెల్డరు తలూపాడు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని చివరిదాకా కూర్చున్నాడు. అయిపోయాక ఎప్పటిలాగే కుర్చీలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి, గోడ దగ్గర పెట్టి వెళ్ళాడు. మర్నాడు పెద్దాయన షాపు తెల్లారకముందే తెరిచారు. వెల్డరు రాలేదు. ఫోను పలకలేదు. అద్దె గది ఖాళీ చేసి ఊరు వదిలి వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది.

తర్వాతి బుధవారం వాళ్ళక్క వచ్చింది. బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు నడుపుతుంది. ఇదిగో, రెండో వరసలో ఉంది, ఆమెకి అభ్యంతరం లేదని అడిగే చెబుతున్నాను. తలుపు దగ్గర నిలబడి, "మా తమ్ముడు పోయిన వారం ఇక్కడ ఏం చెప్పాడు?" అని అడిగింది.

"ఏమీ చెప్పలేదమ్మా" అన్నారు పెద్దాయన.

"ఏం, ఎందుకు చెప్పలేదు?"

పెద్దాయన నియమం సంగతి చెప్పారు. ఆమె పూర్తిగా వింది. "మాట్లాడ్డానికి పెట్టిన మీటింగులో మాట్లాడొద్దంటే ఇంకేం చేస్తారండీ ఇక్కడ? టీ తాగుతారా?"

"తాగుతాం" అన్నారు పెద్దాయన.

ఆయన ఎగతాళి చెయ్యలేదు. ఆయనకి ఆ క్షణంలో అబద్ధం కాని మాట అదొక్కటే దొరికిందని నా నమ్మకం. ఆమె కూడా అలాగే అర్థం చేసుకున్నట్టుంది. లోపలికి వచ్చి కూర్చుని టీ తాగింది. అప్పట్నుంచి ప్రతి బుధవారం వస్తోంది. ఆమె జీవితంలో దగ్గు మందు కూడా ఎక్కువ తాగలేదు. అయినా వస్తోంది. ఎందుకొస్తావని ఎవరూ అడగలేదు. ఒకసారి తనే అంది, "వాడు తిరిగొస్తే ముందు ఇక్కడికే వస్తాడు. ఇంటికి రావడానికి సిగ్గుపడతాడు" అని.

ఆ తర్వాత నుంచి పెద్దాయనలో ఒక మార్పు వచ్చింది. ముఖంలో కాదు. నియమం చెప్పేటప్పుడు, "మాట్లాడకూడదు" అనేవారు ఇదివరకు. ఇప్పుడు "మనం మాట్లాడకూడదని అనుకున్నాం" అనడం మొదలుపెట్టారు. నియమం మారలేదు. ఆయన దాన్ని పట్టుకునే తీరు మారింది. ఎవరైనా స్టీరింగు సీట్లో కూర్చుంటే ఆ సాయంత్రం ఆయన టీ తాగేవారు కాదు.

ఈ మధ్య వెల్డరు వాళ్ళక్కకి ఫోను చేశాడు. వేరే ఊళ్ళో ఉన్నాడు. పని దొరికింది. వాడుతున్నావట్రా అని అడిగితే, "కొన్నాళ్ళు బానే ఉంటానక్కా, కొన్నాళ్ళు ఉండను" అన్నాడట. ఆమె ఆ సంగతి ఈ గదిలోనే, అందరి మధ్యా చెప్పింది. చెప్పి, పెద్దాయన వైపు తిరిగి, "ఆ రోజు ఏం చెప్పాలనుకున్నావురా అని కూడా అడిగాను" అంది.



"గుర్తు లేదక్కా అన్నాడు."

ఇన్నాళ్ళూ ఈ పెద్దాయన నిద్రపోకుండా మోసిన ఆ ఒక్క మాట, అవతలివాడికి గుర్తే లేదట. నిజంగానే లేదో, ఫోనులో చెప్పే మాట కాదో, వాళ్ళక్క దగ్గర చెప్పే మాట కాదో మనకి తెలియదు. పెద్దాయన, "సరేనమ్మా" అన్నారు. ఆమె అంతటితో ఆగినా బాగుండేది. కానీ ఆమె దాచుకునే మనిషి కాదు.

"అందరినీ అడిగాడండీ. పెయింటరన్న ఎలా ఉన్నాడు, లెక్చరరమ్మ నడుం ఎలా ఉంది, ప్రిన్సిపాల్ సారు బండి మళ్ళీ మోగుతోందా అని. ఒక్కొక్కరినీ అడిగాడు. మిమ్మల్ని మాత్రం అడగలేదు."

ఆ తర్వాతి బుధవారం పెద్దాయన, తనకి మోకాళ్ళ నొప్పులని, మెట్లు ఎక్కలేకపోతున్నానని, ఇక గ్రూపు బాధ్యత వదిలేస్తున్నానని ప్రకటించారు. మనమంతా విచారం వెలిబుచ్చాం. నిన్న సాయంత్రం ఈ బ్యానరు కట్టడానికి నిచ్చెన ఎక్కింది ఎవరనుకుంటున్నారు? పెయింటరు కింద పట్టుకున్నాడు.

(పెయింటరు: "నేనెక్కుతానంటే వినలేదు మేడమ్. ఆల్రెడీ ఒకసారి పడ్డావు అన్నారు పెద్దాయన." నవ్వులు.)

అన్నయ్యగారూ, మీరు ఎందుకు వెళ్ళిపోతున్నారో నాకు తెలుసు. ఇక్కడ అందరికీ తెలుసు. మీరు ఈ కుర్చీలో ఉన్నంతకాలం ఆ వెల్డరు ఈ మెట్లు ఎక్కడని మీరు అనుకుంటున్నారు. తనని ఆపిన మనిషి తలుపు తీస్తే అతను వెనక్కి తిరిగిపోతాడని మీ భయం. అందుకని మీరే పక్కకి తప్పుకుని దారి ఇస్తున్నారు. ఈ గ్రూపు మీరు పెట్టింది. మీరు మళ్ళీ మనిషి అయింది ఈ గదిలోనే. బుధవారం సాయంత్రం షాపులో కూర్చుని ఏం చేస్తారో నేను ఊహించలేకపోతున్నాను. అయినా వస్తాడో రాడో తెలియని ఒక్క మనిషి కోసం వదిలేస్తున్నారు. నా మనసులో ఉన్నది చెప్పమంటే, నాకు చాలా కోపంగా ఉంది. వీడ్కోలు సభలో ఇలా అనకూడదు. పూలగుత్తి ఇచ్చేటప్పుడు నవ్వుతూ ఇస్తాను, ఫోటో పాడుచెయ్యను.

నా అనుమానం ఇంకోటి. మనుషులు ఒకర్ని గురించి అడగకపోవడానికి కారణాలు ఒకటేనా? చూడటం ఇష్టంలేక అడగనివాళ్ళుంటారు. ఏం వినాల్సొస్తుందోనని భయపడి అడగలేనివాళ్ళూ ఉంటారు. అమ్మ చివరి రోజుల్లో నేను మా సొంత అన్నయ్యకి ఫోను చేసి ఇంటి సంగతులన్నీ అడిగేదాన్ని, అమ్మ ఎలా ఉందని తప్ప. ఆ వెల్డరు రేపొకరోజు ధైర్యం కూడగట్టుకుని ఈ తలుపు తోసి, మొట్టమొదట మీ కోసమే చూశాడనుకోండి. అప్పుడు నేను, మోకాళ్ళ నొప్పులట తమ్ముడూ అని చెప్పాలి. ఈ మాట మీతో విడిగా కూడా అన్నాను. మీరు కళ్ళజోడు తుడుచుకుని, "రెండు విధాలుగానూ అవ్వచ్చమ్మా" అన్నారు. నిర్ణయం మాత్రం మార్చుకోలేదు.

పోయిన వారం మీరు షాపుకి పిలిచి, బాధ్యత నన్ను తీసుకోమన్నారు. నాకు ప్రతిదీ అనుమానమే, నాకెందుకు అన్నాను. "నాకు అనుమానం ఉండేది కాదు. అందుకే నీకు" అన్నారు. అప్పటిదాకా నన్ను మీరు అని పిలిచిన మనిషి మొదటిసారి నువ్వు అన్నారు. ఆ ఆనందంలో ఒప్పుకున్నాను. ఇప్పుడు పశ్చాత్తాపపడుతున్నాను. (నవ్వులు)

ఒప్పుకున్నాక అడిగాను, "మరి ఆ నియమం ఉంచాలా, తీసెయ్యాలా?" అని. మీరు పది కళ్ళజోళ్ళు తుడిచి పెట్టారు. చివరికి, "గ్రూపు నీది కదా" అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క రాలేదు. సలహాలు ఇవ్వకూడదన్న నియమాన్ని నా దగ్గర పాటించడానికి అదేనా సమయం?

ప్రిన్సిపాల్‌గారు గడియారం చూస్తున్నారు. ముగిస్తాను. గది ఇచ్చినందుకు ఆయనకి, ఈ ఏర్పాట్లన్నీ చేసిన పెయింటరుకీ మిగతా తమ్ముళ్ళకీ, టీ సంగతి చూసిన ఆ పెద్దావిడకి కృతజ్ఞతలు. తమ ఇంటి సంగతి ఇంతమందిలో చెప్పనిచ్చినందుకు జిరాక్స్ షాపు అక్కకి కృతజ్ఞతలు చెప్పడానికి నాకు మాట చాలదు. పెద్దాయనకి నేను కృతజ్ఞతలు చెప్పను. చెబితే ముగిసిపోయినట్టుంటుంది.

మామూలుగా ఇలాంటి చోట మాట్లాడేవాళ్ళు ఏదో ఒకటి తేల్చి దిగుతారు. నేను తేల్చలేకపోయాను. నియమం ఉండబట్టి ఆ ఆటో మళ్ళీ నిండలేదు. అది ఉండబట్టే ఒకడు చెప్పాల్సింది చెప్పకుండా వెళ్ళిపోయాడు. నాలో పనిచేసింది ఆ మౌనమేనా, ఇంకేదైనానా, నాకు ఇప్పటికీ తెలియదు. మీరు వెళ్ళిపోవడం మంచిదో కాదో కూడా తెలియదు అన్నయ్యగారూ, వెళ్ళొద్దనడానికి కావలసినంత నమ్మకం నా దగ్గర లేదు. వచ్చే బుధవారం నుంచి ఇక్కడ కూర్చునేది నేను. ఎవరో ఒకరు వాడి వస్తారు, వచ్చి మధ్యలో చెయ్యెత్తి ఒక్క మాట అంటారు. నేను ఏమంటానో నాకు తెలియదు. చెప్పు అంటానో, రేపు అంటానో, నిజంగా తెలియదు.

సెలవు.